మంచు తెర వెనుక చింతపల్లి

ఊటీ పాటలు చూశారు. కొడైకెనాల్ డ్యూయెట్లు చూశారు. కాశ్మీరు మంచులో హీరో ఉన్ని కోటు తొడుక్కుని, పాపం హీరోయిన్ మాత్రం పల్చటి షిఫాన్ చీరతో వణకనట్టు నటిస్తూ చిందులేస్తే ఈలలు కూడా వేశారు. మరి మన విశాఖ మన్యంలోని చింతపల్లిని ఎప్పుడైనా చూశారా?

లేదంటారు కాబోలు! కానీ చూశారు. మీరు చూడకపోతే మీ నాన్నగారు చూశారు. ఆయన క్లాసు ఎగ్గొట్టి మరీ మార్నింగ్ షోకి వెళ్ళి చూసి ఉంటారు. 1974 మే 1న విడుదలైన పద్మాలయా వారి 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలో తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్న ఆ కొండలు, ఆ అడవులు చింతపల్లివే. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం అది. అంతవరకు మామూలు సైజు తెరకు అలవాటు పడ్డ కళ్ళకు ఆ వెడల్పు తెరనిండా మొట్టమొదట కనిపించిన ప్రకృతి మన మన్యానిదే అన్నమాట. ఈ ముచ్చట తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసి ఆ ఊరు వెళ్ళి చూసినవాళ్ళు ఇంకా తక్కువ.

ఈమధ్య మాత్రం జనం వెళ్తున్నారు. వేలల్లో వెళ్తున్నారు. అయితే వాళ్ళు వెళ్ళేది చింతపల్లికి కాదు, దారిలో ఉన్న లంబసింగికి. తెల్లవారుజామున మంచులో నాలుగు ఫోటోలు దిగి, వేడి టీ తాగి, పది గంటలకల్లా కొండ దిగిపోతారు. ఇంటర్వెల్ కాకుండానే హాల్లోంచి లేచిపోయినట్టే ఇది! అసలు కథంతా లంబసింగి దాటాక ఉంది.

ఘాట్ ఎక్కుదాం రండి

విశాఖపట్నం నుంచి చింతపల్లి సుమారు 130 కిలోమీటర్లు. నర్సీపట్నం మీదుగా పోవాలి. నర్సీపట్నం అనగానే సినిమావాళ్ళకి గుర్తొచ్చే పేరు పూరి జగన్నాథ్. ఆయన ఆ ప్రాంతం మనిషే. నర్సీపట్నం దాటిన కాసేపటికే మైదానం అయిపోతుంది. మామిడి తోటలు, జీడితోటలు వెనక్కి పోతాయి. రోడ్డు ఒంపులు తిరగడం మొదలుపెడుతుంది. ఒక్కో మలుపు తిరిగేకొద్దీ చెవుల్లో గాలి మారుతుంది, చెట్ల రంగు మారుతుంది, బస్సులో మాటల చప్పుడు తగ్గుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాడు మెల్లిగా షట్టరు దించుతాడు. వెనకాల సీటువాడు అప్పుడే మఫ్లరు తీస్తాడు.

ఘాట్ పైకి చేరగానే లంబసింగి. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి చలి సంగతి పేపర్లలో చదువుతూనే ఉంటారు. సున్నా డిగ్రీలని, ఇంకా కిందికని కూడా వార్తలొచ్చాయి. ఇందులో కొంత పేపర్లవాళ్ళ ఉత్సాహం కలిసి ఉండొచ్చు గానీ, తెల్లారేసరికి గడ్డి మీద, ఆపి ఉంచిన బండ్ల మీద తెల్లటి పొర గట్టిపడి కనిపించిన సంగతి మాత్రం నిజం. దక్షిణాదిలో, అదీ సముద్రం నుంచి వంద కిలోమీటర్ల లోపే ఇంత చలి అంటే ముక్కున వేలేసుకోవలసిందే!

ఈ ఊరికి మరో పేరుంది, కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. బయలు అంటే ఆరుబయట. రాత్రివేళ ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారట. ఏ టూరిజం శాఖా, ఏ పబ్లిసిటీ ఆఫీసరూ ఇంత సూటిగా ఒక ఊరి వాతావరణాన్ని చెప్పలేడు. 'ఆంధ్రా కాశ్మీరం' అని తర్వాతివాళ్ళు తగిలించిన బిరుదు కన్నా నాకు ఈ కొర్రబయలే నచ్చుతుంది. మన దగ్గర బిరుదుల సంగతి మీకు తెలియనిదేముంది, ప్రతి హీరోకీ ఒకటి!

లంబసింగి దాటి మరో ఇరవై కిలోమీటర్లు పోతే చింతపల్లి. చుట్టూ కొండలు, మధ్యలో చిన్న ఊరు. ఒక మెయిన్ రోడ్డు, దాని మీద బస్టాండు, కొన్ని ఆఫీసులు, దుకాణాలు. సంత రోజున తప్ప పెద్ద సందడి ఉండదు. సంత రోజున చూడాలి! చుట్టుపక్కల గూడేల నుంచి భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొండకమ్మరులు తెల్లవారకముందే బయలుదేరి, తలమీద గంపలు, భుజాన కావిళ్ళతో దిగుతారు. పసుపు, మిరియాలు, రాజ్‌మా చిక్కుళ్ళు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు... కొండమీద పండినదంతా కిందికి పోతుంది, ఉప్పు, నూనె, బట్టలు పైకి పోతాయి. అమ్మేవాళ్ళ ముక్కులకి బేసరులు, మెడనిండా పూసలు. కొనడానికి వచ్చిన మైదానం వర్తకుడి చేతిలో తూకం. ఆ తూకం దగ్గర చాలా కాలం మోసం జరిగింది కాబట్టే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. గిరిజనుడు అడవిలోంచి తెచ్చిన సరుకుకి సరైన ధర ఇచ్చి కొనాలని దాని లక్ష్యం.

క్లాప్... కెమెరా... చింతపల్లి!

ఇక మన సంగతికి వద్దాం.

అల్లూరి పాత్ర మీద కృష్ణగారికి మోజు ఈ సినిమాతో మొదలుకాలేదు. 1968లో వచ్చిన 'అసాధ్యుడు' చిత్రంలో ఒక నాటక ఘట్టంలో ఆయన అల్లూరి వేషం కట్టారు. ఆ సినిమాకి దర్శకుడు వి. రామచంద్రరావు. ఆ కాసేపటి గెటప్ ఆయన మనసులోంచి పోలేదు కాబోలు, తన నూరో చిత్రంగా అల్లూరి కథనే ఎంచుకున్నారు, దర్శకత్వం మళ్ళీ రామచంద్రరావుగారికే ఇచ్చారు. ఎన్.టి. రామారావుగారు కూడా ఈ పాత్ర మీద ముచ్చటపడ్డవారే. చివరికి 1980లో 'సర్దార్ పాపారాయుడు'లో ఒక ఘట్టంలోనూ, 1993లో 'మేజర్ చంద్రకాంత్' పాటలోనూ అల్లూరిగా కనిపించి ముచ్చట తీర్చుకున్నారు. కానీ జనం గుండెల్లో అల్లూరి అంటే కృష్ణ, కృష్ణ అంటే అల్లూరి. అంతే!

త్రిపురనేని మహారథి సంభాషణలు, ఆదినారాయణరావు సంగీతం, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య. ఆ గంభీరమైన గొంతు తెల్లదొరకి అరువిస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పనక్కరలేదు. సీతగా విజయనిర్మల. ఇందరినీ, ఇంత సరంజామానీ వెంటబెట్టుకుని యూనిట్ చింతపల్లి కొండెక్కింది.

ఇవాళ ఔట్‌డోర్ అంటే కారవాన్లు, ఏసీ గదులు, మధ్యాహ్నానికి హైదరాబాదు నుంచి బిర్యానీ. అప్పుడు అలాంటివేవీ లేవు. ఒక్కసారి ఊహించండి. ఆ ఘాట్ రోడ్డు మీద జనరేటరు, లైట్లు, కెమెరా, స్కోప్ లెన్సులు, గుర్రాలు, తెల్లసైన్యం దుస్తులు, జూనియర్ ఆర్టిస్టులు అందరూ ఎక్కాలి. పైన చలి. పొద్దున పొగమంచు పోయేదాకా షాట్ పెట్టడానికి లేదు, సాయంత్రం కొండనీడ పడగానే ప్యాకప్. స్టూడియోలో నాలుగు మొక్కలు పాతి, వెనకాల కొండ బొమ్మ గీసిన పరదా కట్టి కానిచ్చేయవచ్చు. చాలామంది అలాగే కానిచ్చారు కూడా. కృష్ణగారు అలా చేయలేదు. అసలు ఏ కొండల్లో కథ జరిగిందో ఆ కొండల్లోనే తీయాలన్నారు. అది సాహసమే. అందుకే ఆయన్ని డేరింగ్ అండ్ డాషింగ్ హీరో అన్నారు, ఊరికే అన్నారా!

ఈ చిత్రం వెనుక ఒక కన్నీటి కథ కూడా ఉంది. సినిమా పూర్తికాకుండానే దర్శకుడు రామచంద్రరావు కన్నుమూశారు. అంత పెద్ద చిత్రం సగంలో ఉండగా నావికుడు పోయాడు. మిగిలిన భాగం కృష్ణగారే భుజాన వేసుకున్నారు. పోరాట ఘట్టాలను కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. టైటిల్స్‌లో మాత్రం దర్శకుడిగా రామచంద్రరావుగారి పేరే నిలిచింది. 'అసాధ్యుడు'లో తనకి మొదటిసారి అల్లూరి గడ్డం పెట్టించిన మనిషికి కృష్ణ ఇచ్చిన గౌరవం అది.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. వంద రోజుల పండగలు. శ్రీశ్రీ పాటకి జాతీయ అవార్డు. ఆ పాట ఏదో నేను చెప్పాలా, స్కూల్లో ఆగస్టు 15న పాడని తెలుగు కుర్రాడు ఉన్నాడా? తమాషా ఏమిటంటే, అల్లూరి చూసిన కళ్ళతో జనం కృష్ణని ఇంకో పాత్రలో చూడలేకపోయారు. డజనుకు పైగా సినిమాలు వరుసగా బోల్తా కొట్టాయి. 1976లో 'పాడిపంటలు' వచ్చేదాకా ఆ గండం గట్టెక్కలేదు. ఒక పాత్ర ఇంతగా ఒక నటుణ్ణి ఆవహించడం అరుదు. 2022 నవంబరు 15న కృష్ణగారు పోయినప్పుడు అభిమానులు ఊరూరా పెట్టిన ఫోటోల్లో ఎన్నింటిలో ఆయన కాషాయం కట్టి విల్లు పట్టుకుని ఉన్నారో గమనించారా?

తెర మీద ఒకటి, కొండ మీద ఒకటి

సినిమా సినిమాయే. చరిత్ర చరిత్రే. చింతపల్లి వెళ్ళేవాళ్ళు రెండూ తెలుసుకుని వెళ్తే ఆ కొండలు ఇంకోలా కనిపిస్తాయి.

మొదట, ఆ సీత. తెర మీద విజయనిర్మలగారు మన గుండె పిండేశారు గానీ, అసలు రాజు సన్యాసం పుచ్చుకున్న బ్రహ్మచారి. విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టిన ఆ కుర్రవాడు ఊళ్ళు తిరిగి తిరిగి, కృష్ణదేవిపేట చేరి, మన్యం జనానికి మందులిస్తూ, తగవులు తీరుస్తూ, తాగొద్దని చెబుతూ స్వామిలా బతికాడు. గాంధీగారి సహాయ నిరాకరణ ప్రభావం ఆయన మీద ఉంది, ఖద్దరు కట్టాడు. కానీ చేతిలోకి విల్లూ, తర్వాత తుపాకీ ఎందుకు వచ్చాయి?

దానికి జవాబు మీరు ఎక్కి వచ్చిన రోడ్డులో ఉంది.

సరదాకి అనడం లేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి దాకా రోడ్డు వేయించే రోజుల్లో గూడెం ప్రాంతానికి బాస్టియన్ అనే తహసీల్దారు ఉండేవాడు. కొండవాళ్ళ చేత బలవంతంగా రాళ్ళు కొట్టించి, మట్టి మోయించి, కూలి డబ్బులు సగం సగం ఇచ్చి, అదికూడా సరిగా ఇవ్వకుండా ఏడిపించాడు. ఎదురుమాట్లాడినవాడికి దెబ్బలు. గాం గంటందొర మునసబు పని పోయింది కూడా ఈయనగారి పుణ్యమే. అప్పటికే అడవి చట్టం వచ్చి పోడు కొట్టడం నేరమైపోయింది. తాతల నాడు కొట్టుకున్న కొండని ఇప్పుడు కొడితే కేసు. అడవిలో పశువు మేస్తే జరిమానా, కట్టె తెస్తే జరిమానా. అంతకుముందు 1879లో రంప ఫితూరీ లేచింది కూడా జీలుగు కల్లు మీద పన్ను వంటి అన్యాయాలకే. కొండమనిషికి కల్లు మీదా పన్నే! కడుపు మండదా?

మండింది. 1922 ఆగస్టు 22న సుమారు మూడు వందల మందితో రాజు మొట్టమొదట దాడి చేసింది మన చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదనే. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. ఎక్కడా దొంగలా ఎత్తుకుపోలేదు. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడని చెబుతారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరని విడిపించాడు. ఏ స్క్రీన్‌ప్లే రచయితకి ఇంత వేగంగా మొదటి రీలు రాయడం వస్తుందండీ?

ఫలానా రోజున వస్తున్నాం, కాచుకోండి అని బాణానికి మిరపకాయ కట్టి కబురు పంపేవాడని, దాన్నే మిరపకాయ టపా అంటారని మన్యమంతా చెప్పుకుంటుంది. హీరో ఎంట్రీకి ముందు విలన్‌కి వార్నింగ్ ఇచ్చే సీను మనవాళ్ళు ఇక్కడి నుంచే నేర్చుకున్నారేమో! అదే ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికార్లని మట్టుపెట్టారు. వాళ్ళతో నడుస్తున్న దేశీ సిపాయిల జోలికి పోకుండా, తెల్లవాళ్ళనే ఏరి కొట్టారని ఆనాడు అందరూ వింతగా చెప్పుకున్నారు. మలబారు పోలీసులు వచ్చారు. అస్సాం రైఫిల్స్ వచ్చాయి. రూథర్‌ఫర్డ్ వచ్చాడు. ఊళ్ళని కాల్చారు, జనాన్ని చావగొట్టారు, తిండిగింజలు పైకి రానీయకుండా దారులు మూశారు. కొండమీద ఆకలి చూడలేక ఆ సన్యాసి తనకు తాను బయటపడ్డాడని జనం నమ్మకం.

తెర మీద జగ్గయ్యకీ, కృష్ణకీ మధ్య మాటల యుద్ధం నడుస్తుంటే మనం ఊపిరి బిగబట్టి చూశాం. చరిత్రలో అంత మాటలకి చోటివ్వలేదు. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకుపోయి, గుడాల్ అనే మేజర్ ఉన్నచోట చెట్టుకి కట్టి కాల్చేశారు. కోర్టు లేదు, విచారణ లేదు. మనిషికి ఇరవయ్యేడేళ్ళు కూడా నిండలేదు. అంటే ఈ వ్యాసం చదివే మీలో కొందరి వయసే!

గంటందొర ఆ తర్వాత నెలలోనే పోరులో పోయాడు. ఆయన సోదరుడు మల్లుదొర మాత్రం జైళ్ళన్నీ చూసి, బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. తెల్లవాడి లెక్కలో బందిపోటు, స్వతంత్ర దేశం లెక్కలో పార్లమెంటు సభ్యుడు! నన్నడిగితే అల్లూరి కథ మీద ఇన్ని సినిమాలు తీసే బదులు ఈ మల్లుదొర మీద ఒక్కటి తీయొచ్చు. మంచి క్యారెక్టర్ ఆర్టిస్టులు మనకి లేకపోలేదు. వింటున్నారా నిర్మాతలూ?

ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి

నవంబరు నెలలో వెళ్ళారనుకోండి, కొండవాలు పొలాలన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టుంటాయి. కెమెరామన్‌లు పిచ్చెక్కిపోయే దృశ్యం. స్విట్జర్లాండు టిక్కెట్టు డబ్బులు మిగుల్చుకోవాలనుకునే నిర్మాతకి ఇంతకన్నా ఏం కావాలి? సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగలు. కాఫీ గింజ ఎర్రబడే రోజుల్లో తోటల్లో ఆడవాళ్ళ పాటలు వినిపిస్తాయి. ఏ మ్యూజిక్ డైరెక్టరూ ఇంకా ఎత్తుకుపోని ట్యూన్లు అవి, పైకి గట్టిగా అనకండి!

లంబసింగి దగ్గర ఇప్పుడు స్ట్రాబెర్రీ తోటలు కూడా వచ్చాయి. ఆపిల్ మొక్కలు పెట్టి చూశారు. చింతపల్లిలోనే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. పేపర్లో మీరు చదివే చలి అంకెలు చాలావరకు అక్కడివే.

తాజంగి జలాశయం లంబసింగికి కాస్త దూరం. చుట్టూ కొండలు, మధ్య నీళ్ళు, నీళ్ళ మీద పొద్దున్నే లేచే ఆవిరి. చెరువులవేనం కొండెక్కితే మేఘాలు మీ కాళ్ళ కింద ఉంటాయి. పౌరాణికాల్లో దేవలోకం సెట్టులో పొగ వదిలేవారే, సరిగ్గా అలా. అయితే తెల్లారకముందే ఎక్కాలి. బద్ధకస్తులకి దేవలోకం దొరకదు. పాడేరు వైపు పోతే కొత్తపల్లి జలపాతం ఉంది. వానలు తగ్గిన కొత్తలో నిండుగా ఉంటుంది, రాళ్ళు మాత్రం నున్నగా జారతాయి, జాగ్రత్త. సెల్ఫీ కోసం అంచులకి పోయి ప్రాణాలు తెచ్చుకోకుండా తిరిగిరాని కుర్రాళ్ళ వార్తలు మన్యం జలపాతాల నుంచి ఏటా వింటూనే ఉన్నాం. డూపు లేని సాహసాలు మనకెందుకు?

ఏప్రిల్లో వెళ్తే చలి ఉండదు గానీ ఇటికల పండగ ఉంటుంది. మగవాళ్ళు విల్లంబులతో వేటకి పోతారు. ఆడవాళ్ళు దారి కాసి వచ్చేపోయే బండ్లని ఆపి పండగ మామూలు అడుగుతారు. విసుక్కోకుండా ఇచ్చేయండి. థింసా చూడాలంటే ఇదే అదను. ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని, డప్పు, కిరిడీ, సన్నాయి వాయిద్యాలకి అడుగు కలిపి పాములా మెలికలు తిరుగుతుంటే, మన గ్రూప్ డాన్సర్లు నలభై మంది ఒక నెల రిహార్సలు చేసినా ఆ తూగు రాదు. సినిమాల్లో 'కోయ డాన్సు' పేరిట ఈకలు పెట్టి, మొహానికి నల్లరంగు పూసి గెంతించిన పాటలకీ దీనికీ సంబంధం లేదు. ఆ పాటలు తీసినవాళ్ళెవరూ థింసా చూసి ఉండరు.

కృష్ణదేవిపేట వెళ్ళడం మర్చిపోకండి. నర్సీపట్నానికి దగ్గరే. అక్కడ అల్లూరి సమాధి, గంటందొర సమాధి ఉన్నాయి. 2022లో ఆయన నూట పాతికవ జయంతికి ప్రధానమంత్రి భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. మంచిదే. అదే ఏడాది ఏప్రిల్లో పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో కొత్త జిల్లా కూడా వచ్చింది. అదే ఏడాది 'ఆర్ఆర్ఆర్' వచ్చి రామ్‌చరణ్ బాణంతో ప్రపంచమంతా ఆ పేరు మోగిపోయింది. 2022 అల్లూరి సంవత్సరం అనుకోండి. కానీ కృష్ణదేవిపేట సమాధి దగ్గర మాత్రం లంబసింగి టీ కొట్టు దగ్గరున్నంత జనం ఉండరు.

కొండవాళ్ళ మాట

ఇంతవరకు అందాలు చెప్పాను. ఇంకో సంగతి చెప్పకపోతే మీకు సగం సినిమా చూపించినట్టే.

చలికాలం శని, ఆదివారాల్లో లంబసింగి దారిలో కార్లు బారులు తీరుతున్నాయి. రాత్రంతా టెంట్లు, మంటలు, స్పీకర్లు. తెల్లారేసరికి ప్లాస్టిక్ గ్లాసులు, సీసా పెంకులు, చిప్స్ పొట్లాలు. పశువులు మేసే చోట సీసా పెంకులు చల్లి పోతే ఆ పశువు గతేం కాను? మన్యంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం 1970లోనే వచ్చింది. కానీ పేరు ఒకరిది, పెట్టుబడి ఒకరిది అన్న పద్ధతి ఉన్నచోట లాభం ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి వెళ్ళినప్పుడు కొండవాళ్ళు నడిపే బసలోనే దిగండి, వాళ్ళ చేతి బొంగులో చికెనే తినండి, పసుపూ కాఫీపొడీ వాళ్ళ దగ్గరే కొనండి, బేరం మరీ ఆడకండి. సినిమా టిక్కెట్టు బ్లాకులో కొన్నప్పుడు ఆడామా?

ఈ కొండల కింద బాక్సైట్ ఉంది. చింతపల్లి ప్రాంతపు జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అటవీభూమిని తవ్వకాలకి ఇస్తూ 2015 నవంబరులో ప్రభుత్వం 97వ నంబరు జీవో ఇచ్చింది. మన్యం భగ్గుమంది. ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి, సంతలు ఆగిపోయాయి, ఆ జీవో అటకెక్కింది. 2019లో ఆ లీజులు రద్దయ్యాయి. కాఫీ చెట్టుకి నీడా, ఊటగెడ్డలకి నీళ్ళూ ఆ కొండ తలమీది మట్టి నుంచే వస్తాయి. కొండ తల తీసేశాక కింద ఏం మిగులుతుందని వాళ్ళ ప్రశ్న. మీరు వంగి ఫోటో తీసుకునే ఆ మంచు కూడా మిగలదు.

మరి రోడ్డు? లంబసింగి దాకా నున్నటి రోడ్డు ఉంది. మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోండి. ఏ వైపు పోయినా కొంత దూరానికి తారు అయిపోతుంది, తర్వాత మట్టి, తర్వాత కాలిబాట. అలాంటి గూడేల్లో నొప్పులు మొదలైన ఆడమనిషిని ఇవాళ్టికీ దుంగకి దుప్పటి కట్టి, డోలీలో మోసుకుని, గెడ్డలు దాటించి రోడ్డెక్కిస్తున్నారు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆగిపోవలసిందే. కొందరికి దారిలోనే కాన్పు అవుతుంది. కొందరు ఆసుపత్రి చేరరు. ఈ డోలీ వార్తలు చలి వార్తల పక్కనే, అదే పేజీలో, చిన్న అక్షరాల్లో వస్తుంటాయి. నూరేళ్ళ కిందట వాళ్ళ తాతల చేత కూలి ఎగ్గొట్టి రోడ్డు వేయించారు. ఆ మనవరాళ్ళ గుమ్మం దాకా మాత్రం రోడ్డు ఇంకా పోలేదు.

ఈమధ్య మన చిత్రసీమకి మన్యం మీద మళ్ళీ ప్రేమ పుట్టింది. 'ఉమా మహేశ్వర ఉగ్ర రూపస్య' అరకులో తీశారు, ఎంత చక్కగా ఉందో చూశారుగా! 'పుష్ప' మారేడుమిల్లి అడవుల్లో ఆడింది. 2024లో దివి నటించిన 'లంబసింగి' అనే చిత్రమే వచ్చింది. పోలీసూ, నక్సలైటూ, ప్రేమా అన్నీ కలిపిన కథ. యూనిట్లు వస్తే నాలుగు రోజులు పది మందికి పని దొరుకుతుంది, కాదనం. కానీ ఆ ఊరి కుర్రాడు జూనియర్ ఆర్టిస్టుగా వెనక వరసలో ఈటె పట్టుకుని నిలబడటంతో సరిపెట్టుకోవలసిందేనా? ఆ కొండల్లోనే పుట్టిన ఒక భగత పిల్లవాడో, కొండదొర పిల్లో కెమెరా వెనక నిలబడి 'యాక్షన్' అనే రోజున చింతపల్లికి నేనే మొదటి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తాను.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. విశాఖ, అనకాపల్లి, తుని, ఎక్కడ రైలు దిగినా నర్సీపట్నానికి బస్సులున్నాయి. 'నర్సీపట్నం రోడ్' అని ఒక స్టేషను కూడా ఉంది. ఆ పేరు చూసి మోసపోకండి, ఊరు అక్కడికి చాలా దూరం! నర్సీపట్నం నుంచి చింతపల్లి బస్సెక్కండి. సొంత బండి మీద పోయేవాళ్ళు రాత్రివేళ ఘాట్‌లో పొగమంచుతో పందెం వేయవద్దు. స్వెట్టరు, మఫ్లరు, తలనొప్పి మాత్రలు, చెత్త వేసుకోవడానికి ఒక సంచీ పట్టుకెళ్ళండి. లంబసింగిలో టీ తాగండి. తాగి వెనక్కి తిరగకుండా, మళ్ళీ బస్సెక్కి ఇంకో ఇరవై కిలోమీటర్లు ముందుకు పోండి.